హార్ట్స్ కొండల తెలుగువాళ్ల వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు మీ ఫోన్లలోనే ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయడం లేదు. ఈ ఏడాది చెప్పుకోవాల్సింది జర్మనీలో మన హార్ట్స్ కొండల అంచున ఉన్న గోస్లార్ ఊరి యాత్ర గురించి. ఇంటికొచ్చిన చుట్టాలకు మార్కెట్ కూడలిలో గంటలతో పాటు తిరిగే బొమ్మలు చూపించి, ధనియాలూ ఉప్పూ వేసి కాచే గోజె బీరు రుచి చూపించి పంపేయడం మనకు అలవాటు. ఈసారి ఊరి పక్కనే ఉన్న రామెల్స్‌బర్గ్ కొండలోని పాత గని లోపలికే వెళ్లాం.

ఈ గని వెయ్యేళ్లకు పైగా నడిచి 1988 జూన్ 30న మూతపడింది. 1992లో పాత ఊరితో కలిపి యునెస్కో జాబితాకెక్కింది. పదకొండో శతాబ్దంలో మూడో హెన్రీ చక్రవర్తి ఇక్కడ అంత పెద్ద ప్రాసాదం నిలబెట్టగలిగాడంటే ఈ కొండలోని వెండి చలవే. ఆయన దేహం స్పైయర్‌లో ఉంది, గుండె మాత్రం ఇక్కడే ఉంచారు.

1800 ప్రాంతంలో తవ్విన రోడర్ సొరంగంలో నీటితో తిరిగిన పెద్ద కొయ్య చక్రాలు చూశాం. గోడల మీద మైలుతుత్తం నీలంగా, అన్నభేది పచ్చగా చారలు కట్టింది. పిల్లలు చేతులు పెట్టబోతే గైడు గట్టిగా వారించారు. పూర్వం రాయి పగలడానికి లోపల కట్టెల మంటలు వేసేవారట. ఆ కట్టెలకూ, ఖనిజం కరిగించే బొగ్గుకూ చుట్టుపక్కల అడవి తరిగిపోయింది. తర్వాత త్వరగా పెరుగుతుందని సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్టు ఒక్కటే వరసలుగా నాటారు. 2018 కరువు, ఆపై బెరడు పురుగు వచ్చేసరికి వాటిలో చాలావరకు నిలువునా ఎండిపోయాయి. దారి పొడవునా మనం చూసిన బూడిదరంగు మోళ్లు అవే. గనిని ఒక రోజు, అడవిని ఇంకో రోజు చూపిస్తే ఈ సంగతి పిల్లలకు అందదని కార్యవర్గం అభిప్రాయం.

అందుకే వచ్చే వేసవిలో గనుల చక్రాలకు నీళ్లివ్వడానికి 1715, 1722 మధ్య కట్టిన ఓడర్‌టైష్ చెరువు దగ్గర మొదలుపెట్టి, పాత కాలువ గట్టు వెంట నడుద్దాం. క్లౌస్టాల్ విశ్వవిద్యాలయం విద్యార్థులు దారి చూపిస్తామన్నారు.

జమాఖర్చులు సభలో చదువుతాం. చందా బాకీ ఉన్నవారు ఆలోపే కోశాధికారికి కట్టేయండి. విద్యార్థులకు సగం చందా అలాగే కొనసాగుతుంది. రాలేకపోయిన వారి కోసం గని సందర్శన మళ్లీ పెడుతున్నాం. ఎండాకాలమైనా స్వెట్టరు మరవకండి, లోపల 12 డిగ్రీలే ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి