సీడీ లేకుండా స్కాన్ తేవద్దు

సంపాదకుల వారికి,

నెల్లూరు, తిరుపతి నుంచి చెన్నై ఆసుపత్రులకు వచ్చే మనవాళ్ల చేతిలో ఎక్కువగా ఉండేది స్కాన్ ఫిల్మూ, రిపోర్టూ. అంతుపట్టని జబ్బుకు అవి చాలవు. మూర్ఛ వచ్చిన మనిషి మెదడులో ఉంగరంలా మెరిసే గడ్డ కనిపిస్తే అది క్షయ గడ్డా, బద్దెపురుగు తిత్తా అన్నది తేల్చాలి. తిత్తి లోపల ఓ పక్కగా చిన్న చుక్క ఉంటే అది పురుగు తల. అది కనబడితే సందేహం దాదాపు తీరినట్టే. కానీ ఆ చుక్క 2, 3 మిల్లీమీటర్లే! స్కాన్ మెదడును ముక్కలుగా కోసినట్టు బొమ్మలు తీస్తుంది. 5 మి.మీ. మందం ముక్కల్లో చుట్టుపక్కల నీడతో కలిసి మాయమవుతుంది, 1 మి.మీ. ముక్కల్లో దొరుకుతుంది. ఆ పలుచని బొమ్మల్ని సాధారణంగా ఫిల్ము మీద అచ్చువేయరు, డైకామ్ ఫైళ్లలోనే, అంటే సీడీలో ఇచ్చే అసలు కంప్యూటర్ బొమ్మల్లోనే ఉంటాయి. ఫిల్మును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే వెలుగునీడలు మార్చి చూసే వీలుండదు.

స్కాన్ అయిన రోజే పలుచని ముక్కలతో సహా సీడీ అడగండి. మిషన్లో జాగా చాలక చాలాచోట్ల వాటిని త్వరగా చెరిపేస్తారు. కౌంటరు దగ్గరే తెరిపించి పేరు, తేదీ చూసుకోండి. పాత స్కాన్లూ పారేయకండి, గడ్డ కరిగిందా పెరిగిందా అన్నదే ఒక్కోసారి జబ్బేమిటో చెబుతుంది.

స్కాన్ సెంటర్లకు మా వేడుకోలు: అడక్కముందే సీడీ ఇవ్వండి. లేకపోతే పేదవాడికి మళ్లీ ఖర్చు, సీటీ అయితే మళ్లీ రేడియేషన్ కూడా.

- కొందరు రేడియాలజీ సిబ్బంది, చెన్నై