నాలుగుసార్లు తెరిచి ఐదుసార్లు మూసిన టికెట్ గురించి

కస్టమర్ సపోర్ట్ అధిపతి గారికి,

నమస్కారం. మీ కంపెనీలో వచ్చిన ఉత్తరం చదివే మనిషి ఒక్కరైనా ఉంటారన్న ఆశతో రాస్తున్నాను. నా టికెట్‌ను (మీ దగ్గర నమోదైన నా ఫిర్యాదును) ఇంతవరకు నాలుగుసార్లు తెరిచారు, ఐదుసార్లు మూశారు. ఈ లెక్క నాకు తేలలేదు. ప్రోగ్రాముల్లో లెక్కలు చేసిపెట్టే కోడ్ లైబ్రరీ అమ్మేవాళ్లు కదా, మీకు తేలే ఉంటుంది.

సమస్య ఒక్క ముక్కలో చెప్తాను. ఇప్పటికే చాలామందికి చెప్పి నోరు నొప్పి పుట్టింది. 1.005ను రెండో దశాంశానికి రౌండ్ చేస్తే 1.01 వస్తుందని మీ డాక్యుమెంటేషనే చెప్తోంది. మీ ఫంక్షన్ 1.00 ఇస్తోంది. డబ్బును ఫ్లోటింగ్ పాయింట్‌లో (దశాంశాలను కంప్యూటర్ ఉజ్జాయింపుగా దాచే పద్ధతిలో) పెడితే ఇంతే, ఆ 1.005 లోపల 1.00499999 అంటూ నిలవుంటుంది. టెస్టింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లకు కూడా తెలిసిన సంగతి ఇది.

మొదటి ఏజెంట్ బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేయమన్నారు. మా దగ్గర తేలనిది వేరే క్యాష్ అండీ, డబ్బు, ఇది సర్వర్‌లో నడిచే కోడ్, ఇందులో బ్రౌజరే లేదు అన్నాను. "ఒకసారి ట్రై చేసి చూడండి సర్" అన్నారు. (నేను సర్‌ను కాదు. ప్రతి మెయిల్ కిందా నా పేరుంది. పోనివ్వండి.)

రెండో ఆయన శ్రమపడి స్క్రీన్‌షాట్ పంపారు. 0.1, 0.2 కలిపితే 0.30 అని వచ్చింది, దాని చుట్టూ ఆకుపచ్చ రంగులో ఒక సున్నా చుట్టారు. రెండు దశాంశాలే చూపించమంటే 0.30 కాక ఇంకేం కనిపిస్తుంది? పదిహేడు అంకెలు చూపించమన్నాను. 0.30000000000000004 అని వచ్చి ఉంటుంది, ఎందుకంటే ఆ వెంటనే టికెట్ మూసేశారు.

మూడో ఆయన "అది బ్యాంకర్స్ రౌండింగ్" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది, విషయం తెలిసినవాళ్లు దొరికారని. సరే, ఆ పద్ధతిలో సరిగ్గా సగం ఉన్నప్పుడు సరిసంఖ్య వైపు వెళ్లాలి కదా, 1.015కి 1.02 రావాలి. మీది 1.01 ఇచ్చింది. ఆ అవుట్‌పుట్ పంపాక ఆయన మళ్లీ కనిపించలేదు.

నాలుగో సలహా అన్నిటికన్నా గొప్పది: "మీ టెస్టులో టాలరెన్స్ 0.01కి పెంచుకోండి, పాస్ అయిపోతుంది." ఎంత తేడా వరకు తప్పు కాదనుకోవాలో ఆ హద్దే టాలరెన్స్, పెంచితే పాస్ అవుతుంది. అసలు టెస్టే తీసేస్తే ఇంకా తొందరగా అయిపోతుంది. పైగా "ఇంత చిన్న తేడాకి ఎందుకండీ టెన్షన్" అని ఓదార్పొకటి. 1982లో కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1000 దగ్గర మొదలుపెట్టిన ఇండెక్స్‌లో (షేర్ల ధరల సూచీలో) కూడా ఇంత చిన్న తేడానే. లెక్క మార్చిన ప్రతిసారీ మూడో దశాంశం దాటిన తోకను రౌండ్ చేయకుండా కోసేస్తూ పోయారు. 22 నెలలకు ఇండెక్స్ 524.811కి దిగింది, సరిచేసి చూస్తే 1098.892. ఇదంతా టికెట్‌లో రాశాను. జవాబుగా "మీ ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలు", కింద ఐదు నక్షత్రాల సర్వే. ఆ నక్షత్రాల సగటు కూడా మీ ఫంక్షన్‌తోనే రౌండ్ చేస్తున్నట్టున్నారు.

ఆరేళ్లుగా మీతో ఉన్నాం. మీ మొదటి వెర్షన్‌లో బగ్గులు పట్టి పంపింది మా టీమే, అదీ ఉచితంగా. అప్పట్లో మీ దగ్గర ఫోన్ ఎత్తేవాళ్లుండేవారు, తెలియకపోతే కనుక్కుని చెప్తామనేవారు.

డబ్బు వాపసు అడగట్లేదు, ఇంకా. దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే డెసిమల్ టైపుకు మారుస్తారో, ఏం చేస్తారో మీ ఇష్టం. నా టికెట్ మొదటి నుంచి చివరి దాకా చదివిన ఒక్క మనిషి నాకు ఫోన్ చేయాలి. నెలాఖరులోగా ఆ ఫోన్ రాకపోతే లైసెన్స్ రెన్యూవల్ మర్చిపోండి. ఈ మెయిళ్లన్నీ టెస్టు ఫలితాలతో సహా మా ఆడిటర్ల చేతికి వెళ్తాయి. ఆకుపచ్చ సున్నా చుట్టిన స్క్రీన్‌షాట్‌ను మొదటి పేజీలోనే పెడతాను.

ఇట్లు,
మీరు "సర్" అని రాసే మీ పాత కస్టమర్