వాతావరణ పట్టికలో తేమ కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ వాతావరణ పట్టికలో రోజూ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలే ఉంటున్నాయి. గాలిలో తేమ శాతం, గాలి వేగం, ఉరుముల సూచన కూడా వేయండి. అలర్జీ, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఎండ ఎంత కాసిందన్నదానికన్నా ఇవే ఎక్కువ అవసరం.

తేమ రోజుల తరబడి 70 శాతం దాటితే పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించనంత చిన్న దుమ్ము పురుగులు (డస్ట్ మైట్లు) పెరుగుతాయి. అవి నీళ్లు తాగవు, గాలిలోని తేమనే ఒంట్లోకి పీల్చుకుంటాయి. అందుకే గదిలో తేమ వారాల పాటు 50 శాతంలోపు ఉంటే ఎండి చస్తాయి. తుమ్ములు తెప్పించేది ముఖ్యంగా వాటి విసర్జనలోని ప్రోటీన్లు. పురుగు చచ్చినా అవి గుడ్డలోనే మిగులుతాయి. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. చన్నీళ్లలో ఉతికితే పురుగులు చాలావరకు బతికే ఉంటాయి. ముసురు రోజుల్లో తడిబట్టలు పడకగదిలో ఆరేస్తే వీటికి బూజు కూడా తోడవుతుంది.

పుప్పొడి కాలంలో జాగ్రత్తలు వేరు. పొడిగాలి వీచేటప్పుడు కిటికీలు మూయాలి, ఉతికిన బట్టలు ఆరుబయట వేయకూడదు. వాన పడితే పుప్పొడి అణుగుతుందన్నది నిజమే. కానీ ఉరుములతో గాలివాన వచ్చేటప్పుడు రేణువులు తేమకు పగిలి, ఆ సన్నని ముక్కలు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. 2016 నవంబరులో మెల్‌బోర్న్‌లో ఒక్క సాయంత్రం వచ్చిన గాలివానకు వేలమందికి ఊపిరాడలేదు, 10 మంది చనిపోయారు. ఆస్పత్రులకు పరుగెత్తిన వాళ్లలో చాలామందికి అంతకుముందు ఉబ్బసమే లేదు, ఏటా ముక్కు కారడం తప్ప. కాబట్టి ‘ఉత్త తుమ్ములే కదా’ అనుకునేవాళ్లు కూడా ఆ సమయంలో ఇంట్లోనే ఉండాలి.

మందుల విషయంలోనూ కాలాన్ని చూసుకోవాలి. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఏటా ఏ నెలలో బాధ మొదలవుతుందో రాసిపెట్టుకుని, డాక్టరును అడిగి 2 వారాల ముందే మొదలుపెట్టాలి. తల కొంచెం ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి, మొన చెవివైపు ఉండేలా కొట్టాలి. మధ్యగోడకు తగిలితే రక్తం వస్తుంది. గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. ముక్కు దిబ్బడకు వేసుకునే చుక్కలు వేరే మందు. వాటిని 5 రోజులు దాటి వాడితే దిబ్బడ తగ్గకపోగా ముదురుతుంది.

ఇట్లు,
ఒక వైద్యురాలు