ఏటికి ఆ ఒడ్డున, ఈ ఒడ్డున నవంబరు 1

కాకినాడ

ఒరేయ్ సూరిబాబూ,

నీ ఉత్తరం అందింది. మన రాష్ట్ర అవతరణ దినం ఏ రోజన్న దాని మీద మీ లైబ్రరీ కమిటీలో నడిచిన తగువు చదివాక, ఇది ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదనిపించి కాగితాలు ముందేసుకు కూర్చున్నాను. ఒకాయన అక్టోబరు 1 అంటాడు, ఇంకొకాయన నవంబరు 1 అంటాడు, కుర్రాళ్ళేమో "ఇప్పుడున్న రాష్ట్రం 2014 జూన్ 2 నుంచి కదా" అంటారు. మధ్యలో మీ ట్రెజరరు గారి వియ్యంకుడు యానాం నుంచి వచ్చి "మాకు అసలు పండగ జూన్ 13" అని లేచాడు. నలుగుర్లో ఎవరూ లేని తేదీ చెప్పలేదురా. ఒక్కో రోజున ఒక్కో సంగతి జరిగింది. ఒకనాడు జరిగినదాన్ని పట్టుకెళ్ళి ఇంకో రోజుకి తగిలించినప్పుడే పేచీ మొదలవుతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. మన రాష్ట్రం పుట్టినరోజు 1953 అక్టోబరు 1. మీరు సభ నవంబరు 1న పెట్టుకున్నారు, పెట్టుకోండి, తప్పేం లేదు. కానీ వేదికెక్కి "ఈ రోజే మన రాష్ట్రం పుట్టింది" అని మాత్రం అనొద్దు.

ఎందుకనొద్దో తెలియాలంటే మూడు చట్టాలు పక్కపక్కన పెట్టుకుని చదువు. ఒక్కోదాంట్లో మొదటి రెండు మూడు పేజీలు చాలు. 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టం మూడో సెక్షన్ చూడు. అక్టోబరు 1 నుంచి ఆంధ్ర అనే రాష్ట్రం ఏర్పడుతుందనీ, శ్రీకాకుళం మొదలుకుని చిత్తూరు దాకా పదకొండు జిల్లాలు, బళ్ళారి జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు అందులో ఉంటాయనీ, ఇవన్నీ ఇక మద్రాసు రాష్ట్రంలోవి కావనీ స్పష్టంగా ఉంటుంది. తర్వాత 1956 నాటి రాష్ట్రాల పునర్విభజన చట్టం తియ్యి. అందులోనూ మన సంగతి మూడో సెక్షన్‌లోనే ఉంది. దాని శీర్షిక హైదరాబాదు నుంచి ఆంధ్రకు ప్రాంతం బదిలీ, పేరు మార్పు. అంతే! కొత్త రాష్ట్రం ఏర్పాటు అని మనకి రాయలేదు. అదే చట్టంలో ఐదో సెక్షన్ కేరళ ఏర్పాటు, ఏడో సెక్షన్ కొత్త మైసూరు ఏర్పాటు. మలయాళీలు, కన్నడిగులు నవంబరు 1న పండగ చేసుకుంటే అక్షరాలా వాళ్ళ రాష్ట్రం పుట్టిన రోజే చేసుకుంటున్నారు. ఆ రోజు మనకి జరిగింది వేరు. అప్పటికి మూడేళ్ళ వయసున్న రాష్ట్రానికి తెలంగాణ తొమ్మిది జిల్లాలు కలిశాయి, ఆంధ్ర కాస్తా ఆంధ్రప్రదేశ్ అయింది.

ఇక 2014 చట్టం. మూడో సెక్షన్ తెలంగాణ ఏర్పాటు. నాలుగో సెక్షన్, ఆ మూడో సెక్షన్‌లో చెప్పిన ప్రాంతం పోగా మిగిలినదే ఆంధ్రప్రదేశ్ అని. కాబట్టి జూన్ 2న పుట్టింది తెలంగాణ. మనది ఆ రోజు పుట్టనూ లేదు, ఆగిపోనూ లేదు. మీ కుర్రాళ్ళకి ఇలా చెప్పు: అన్నదమ్ములు పంచుకుని రెండు గదులు విడిపోయినంత మాత్రాన ఇంటి పునాది వేసిన రోజు మారదు.

ప్రభుత్వాలు కూడా ఈ విషయంలో ఒక మాట మీద లేవులే. 2014 తర్వాత మొదటి ప్రభుత్వం అవతరణ వేడుక పక్కన పెట్టి జూన్ 2 నుంచి నవ నిర్మాణ దీక్ష జరిపింది. 2019లో వచ్చిన ప్రభుత్వం మళ్ళీ నవంబరు 1కి వెళ్ళింది. ఇందులో ఎవరి పక్షమూ తీసుకోకు. సభ అటు తిరిగిందంటే మళ్ళీ దారికి రాదు.

అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు పొట్టి శ్రీరాములు గారి విషయంలో. నవంబరు 1న ఏ సభ చూసినా ఆయన పటానికి దండ వేసి, "ఆయన త్యాగ ఫలమే ఈ రోజు" అంటారు. ఆయన దీక్ష మొదలుపెట్టింది 1952 అక్టోబరు 19న, మద్రాసులో. కన్నుమూసింది డిసెంబరు 15 రాత్రి. ఆయన అడిగింది మద్రాసు నుంచి ఆంధ్ర వేరుపడాలని. డిసెంబరు 19న నెహ్రూ పార్లమెంటులో ప్రకటన చేశారు. వివాదం లేని తెలుగు ప్రాంతాలతో, మద్రాసు నగరం లేకుండా రాష్ట్రం ఇస్తామన్నారు. దాని మీద జస్టిస్ వాంఛూ నివేదిక ఇచ్చారు, ఆ వెనక 1953 అక్టోబరు 1న కర్నూలులో రాష్ట్రం మొదలైంది, ప్రకాశం గారు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ వరస 1953 అక్టోబరుతో పూర్తయింది. 1956 నవంబరుది ఇంకో వరస. దాని వెనక తెలుగువాళ్ళందరికీ ఒకే రాష్ట్రం కావాలన్న విశాలాంధ్ర వాదం ఉంది, రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ ఉంది, ఆంధ్ర, తెలంగాణ నాయకులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందం ఉంది. రెండిటినీ కలిపేస్తే ఆయన దేనికోసం ప్రాణం పెట్టారో పిల్లలకి తెలియకుండా పోతుంది. నాకు నిజంగా బాధనిపించేది అక్కడేరా.

దీక్ష ఎన్ని రోజులన్నది కూడా ఒకరు 56 అనీ, ఒకరు 58 అనీ రాస్తుంటారు. పిల్లల చేత బోర్డు మీద లెక్క కట్టించు. మొదలుపెట్టిన రోజుని కలుపుకుంటే అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15, వెరసి 58. క్విజ్‌లో ఈ ప్రశ్న పెడితే జవాబుతో పాటు లెక్క కూడా చూపించమను, అప్పుడు వాదన రాదు.

మన గోదావరి పేరు ఈ కథలో ఎక్కడెక్కడ వస్తుందో కూడా చెప్పు. 1912లో గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల సభ నిడదవోలులో జరిగినప్పుడే తెలుగు జిల్లాలన్నిటికీ కలిపి ఒక సభ పెట్టాలన్న ఆలోచన బయల్దేరింది. మరుసటేడు బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. శ్రీరాములు గారు దీక్ష చేసిన ఇల్లు బులుసు సాంబమూర్తి గారిది. సాంబమూర్తి గారు పుట్టింది మన దుళ్ళలో, ప్లీడరుగా పనిచేసింది కాకినాడలో. ఆ దీక్షకి ఇల్లు ఇవ్వడం చిన్న సంగతా చెప్పు? ఆయన పటం ఎక్కడా కనపడదు. ఈసారి మీరైనా పెట్టండి. స్వామి సీతారాం గారినీ మరిచిపోకు, 1951లోనే ఇదే కోరికతో 35 రోజులు నిరాహారంగా ఉండి, వినోబా భావే గారి మాట మీద విరమించారు.

అక్టోబరు 1 అనగానే అందరూ సంతోషిస్తారని అనుకోకు. కర్నూలు వైపు వాళ్ళకి ఆ రోజుతో పాటే రాజధాని వచ్చి పోయిన సంగతి గుర్తుకొస్తుంది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక మాట మీద రాజధాని కర్నూలుకి, హైకోర్టు గుంటూరుకి ఇచ్చారు. మూడేళ్ళ ఒక నెల తిరిగేసరికి రెండూ హైదరాబాదు వెళ్ళిపోయాయి. అక్కడివాళ్ళకి నవంబరు 1 రాజధాని పోయిన రోజు కూడా. తెలంగాణ వాళ్ళ మాటా అంతే. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల దాకా తెలంగాణని వేరుగా ఉంచి, తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపమని ఫజల్ అలీ కమిషన్ చెప్పింది. అంతదాకా ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్న హామీలు నిలబెట్టలేదన్నది వాళ్ళ కోపం. అందుకే అక్కడ ఉద్యమకారులు నవంబరు 1ని విద్రోహ దినంగా పాటించేవారు. మీ సభలో హైదరాబాదు నుంచి వచ్చిన అల్లుళ్ళో కోడళ్ళో ఉంటారు కదా. వాళ్ళ ముందు నవంబరు 1 అందరూ ఇష్టపడి కలిసిన పండగ అన్నట్టు మాట్లాడితే సబబుగా ఉండదు.

ఇప్పుడు ఏటికి అవతలి మాట. ఎదుర్లంకలో మీరు అవతరణ బ్యానరు కడుతుంటే, వంతెన దాటగానే యానాంలో అదే రోజు విమోచన దినం జెండా ఎగురుతుంది. చూసేవాళ్ళు రెండూ ఒకటే అనుకుంటారు. వాళ్ళది 1956 కాదు, 1954. 1947 ఆగస్టు 15న చుట్టూ మనమంతా జెండా ఎగరేస్తే యానాం మాత్రం ఫ్రెంచి వాళ్ళ కిందే ఉంది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో ఉద్యమకారులు యానాంని చేతిలోకి తీసుకుని మన జెండా ఎగరేశారు. ఆయన ఫ్రెంచి వాళ్ళ దగ్గరే పోలీసు అధికారిగా పనిచేసిన మనిషి, ఫరంపేటలో పుట్టినవాడు. జూన్ 13 యానాం తనంతట తాను తిరగబడిన రోజు, ఇంకే ఊరితోనూ పంచుకోనక్కర్లేని రోజు. అందుకే ఆ వియ్యంకుడు అంత గట్టిగా మాట్లాడాడు. ఆయన పక్షమే నాదీ.

మిగతా రెండు తేదీలూ, అంటే నవంబరు 1, ఆగస్టు 16, కాగితాల మీద నడిచినవి. 1954 అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో వోటు పెడితే 178 మంది ప్రతినిధుల్లో 170 మంది భారత్‌లో కలవాలన్నారు, 8 మంది వద్దన్నారు. ఆ నెల 21న రెండు దేశాలకీ ఒప్పందం కుదిరింది. నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాం నాలుగింటి పాలన మన ప్రభుత్వం చేతికొచ్చింది. పాలన వచ్చిందే గానీ చట్టం లెక్కన హక్కు రాలేదు. దానికి 1956 మే 28న ఢిల్లీలో సంతకాలయ్యాయి, ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించేసరికి 1962 వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 16న ఆమోద పత్రాలు మార్చుకున్నాక గానీ బదిలీ పూర్తి కాలేదు.

ఆగస్టు 16ని ఉత్త కాగితాల తేదీ అని తీసెయ్యకు. ఇళ్ళల్లో మనుషులకి తగిలింది ఆ రోజే. అక్కడ పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి పౌరులు ఆ రోజుతో భారత పౌరులయ్యారు. ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకుంటామనేవాళ్ళు ఆరు నెలల్లోగా రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే భారత పౌరుడే. ఈ ముక్క సభలో చెప్పు, వినేవాళ్ళు వింటారు.

చాలా ఏళ్ళు అక్కడ ప్రధానంగా ఆగస్టు 16నే జరిపేవారు. 2014 నుంచి పుదుచ్చేరి ప్రభుత్వం నవంబరు 1ని విమోచన దినంగా ప్రకటించింది. ఇప్పుడు రెండు రోజులూ ఉన్నాయి. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న పుదుచ్చేరికి నవంబరు 1 సరిగ్గా అతుకుతుంది, పాలన అక్కడ ఆ రోజే చేతులు మారింది. యానాంకి మాత్రం అప్పటికే నాలుగున్నర నెలల కిందట పని అయిపోయింది.

ఇక మీ పని. ఫ్లెక్సీ మీద "రాష్ట్ర అవతరణ దినోత్సవం" అని ఒక్క ముక్క వేసి వదిలెయ్యకండి. "ఆంధ్రప్రదేశ్ దినోత్సవం" అని పెద్దక్షరాలు, కింద రెండు వరసలు: "ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1". ఎన్నో ఏడాది అన్న అంకె వేయకపోతే మంచిది. వేయాల్సే వస్తే ఈ ఏడాదిలోంచి 1956 తీసేసి "ఇన్నేళ్ళు నిండాయి" అని రాయండి. "ఇన్నో దినోత్సవం" అని రాశారంటే మొదటి రోజుని కలపాలా వద్దా అని తగువు. 2022లో చూశాం కదా, స్వాతంత్ర్యానికి 75 ఏళ్ళు నిండాయి, అది 76వ స్వాతంత్ర్య దినోత్సవం. సగం బ్యానర్లలో రెండూ కలగాపులగం అయిపోయాయి.

పటం దగ్గర ఇంకా జాగ్రత్త. ఫ్లెక్సీ షాపువాడు నెట్‌లో మొదట దొరికిన బొమ్మ పెట్టేస్తాడు. అది ఉమ్మడి రాష్ట్రం పటమైతే 1956 సంగతికి సరిపోతుంది, ఇప్పటి రాష్ట్రానికి సరిపోదు. ఇప్పటి పటం పెట్టి "1953 ఆంధ్ర" అన్నా తప్పే. భద్రాచలం అప్పుడు మన తూర్పుగోదావరిలోనే ఉంది, 1959లో ఖమ్మానికి వెళ్ళింది. తిరుత్తణి అప్పుడు చిత్తూరు జిల్లాలో ఉంది, 1960లో మద్రాసుకి వెళ్ళింది. మూడు పటాలు వేరువేరుగా ఏ4 కాగితాల మీద ప్రింటు తీయించి గోడకి వరసగా అంటించు, ఒక్కోదాని కింద ఏడాది రాయి. పిల్లలు దానిముందే ఎక్కువసేపు నిలబడతారు, చూడు.

జెండా వేదిక మీద కర్రకి కడితే సభ వైపు తిరిగి మాట్లాడేవాడి కుడిచేతి పక్కన ఉండాలి, కాషాయం పైకి రావాలి. బల్ల మీద గుడ్డలా మాత్రం పరవనివ్వకు. మన రాష్ట్రానికి వేరే జెండా లేదు, ఎవరైనా ఏదో రంగు గుడ్డ తెచ్చి కడతానంటే వద్దను.

ఉపన్యాసం ఇరవై నిమిషాలే అన్నావు. 1953కి ఎనిమిది, 1956కి ఐదు, 2014కి రెండు, యానాంకి ఐదు ఇచ్చుకో. చట్టాల సెక్షన్లు నోటితో చెప్తే నిద్రపోతారు, మూడు శీర్షికలూ ముందే బోర్డు మీద రాయించు. శ్రీరాములు గారికి ఆ రోజు దండ వేయండి, కానీ ఆయన సభ డిసెంబరు 15న వేరేగా పెడతామని అక్కడే ప్రకటించండి. కమిటీ ఒప్పుకుంటే వచ్చే ఏటి నుంచి అసలు సభని అక్టోబరు 1కి మార్చండి. మర్నాడు గాంధీ జయంతి కాబట్టి బడి పిల్లలకి వ్యాసరచన మొదటి రోజు పెట్టి, బహుమతులు రెండో రోజు ఇవ్వొచ్చు. వానలు అప్పటికి పూర్తిగా వెళ్ళవు, అందుకని షామియానా కాకుండా లైబ్రరీ హాల్లోనే పెట్టుకోండి.

ఆ వియ్యంకుడు గారికి ఐదు నిమిషాలు మైకు ఇప్పించు. జూన్ 13 గురించి ఆయనే చెప్పనీ, ఆ ముక్క నువ్వు చెప్పేకంటే ఆయన నోట వింటేనే బాగుంటుంది.

ఫ్లెక్సీ ప్రింటుకి ఇచ్చే ముందు ఒక్క ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. తేదీలు చూసి అరగంటలో చెప్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు, పిల్లలకి నా ఆశీస్సులు.

నీ
రామం