మాధవికి, ఫ్లాటు అమ్మకం పన్ను గురించి

చి.ల.సౌ. మాధవికి నాన్న ఆశీస్సులు.

"ఫ్లాటు అమ్మిన డబ్బు ఎలాగూ కొత్త ఇంటికే పోతోంది, పన్నే లేదు కదా, రిటర్నులో చూపించడం ఎందుకు నాన్నా" అన్నావు మొన్న ఫోన్లో. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. పన్ను లేకపోవడం వేరు, చూపించకపోవడం వేరమ్మా. ఆ మినహాయింపు దానంతటది రాదు, రిటర్నులో అడిగితేనే వస్తుంది.

2013 దసరాకి 38 లక్షలకు కొన్నారు, 2026 ఫిబ్రవరిలో 92 లక్షలకు అమ్మారు. లాభం 54 లక్షలు. పన్నెండున్నర శాతం చొప్పున 6.75 లక్షల పన్ను. 2024 జూలై 23కి ముందు కొన్న ఇల్లు కాబట్టి, ఇండియాలోనే ఉంటున్న మీకు ఇంకో లెక్క కూడా ఉంది. మీరు కొన్నప్పటి నుంచి అమ్మేనాటికి ప్రభుత్వం ప్రకటించే ధరల సూచీ 220 నుంచి 376కి పెరిగింది, కొన్న ధరనూ అదే మేరకు పెంచి లెక్క వేసుకోవచ్చు. ఆ లెక్కన కొన్న ధర దాదాపు 65 లక్షలవుతుంది. మిగిలిన 27 లక్షల మీద 20 శాతమంటే సుమారు 5.4 లక్షలు. రెండింట్లో ఏది తక్కువైతే అదే, పైన సెస్సు. ఆ 54 లక్షలూ కొత్త ఇంట్లో పెడితే ఇదీ కట్టక్కర్లేదు.

కానీ మీ బిల్డరు తాళాలిచ్చేది వచ్చే ఏడాది. అతనికి ఇంకా కట్టని లాభం సొమ్ముని జూలై 31లోపు, రిటర్ను వేసేముందే, క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో, అంటే ఇలాంటి లాభాన్ని ఇంటికి వాడేదాకా ఉంచడానికి బ్యాంకులో తెరిచే ప్రత్యేక ఖాతాలో, వెయ్యాలి. మామూలు ఎఫ్‌డీలో వేస్తే లెక్కకు రాదు. ఈ మాట అల్లుడుగారికి గట్టిగా చెప్పు. నేను బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ చూశాను, జూలై ఆఖర్లో చెక్కు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఆ ఖాతా ఎలా తెరవాలో కౌంటర్లో కుర్రాళ్ళకి తెలిసేది కాదు. మీరు జూన్‌లోనే వెళ్ళండి. వాయిదాలు కట్టాలి కనుక సేవింగ్స్‌లా వాడుకునే 'ఎ' రకం ఖాతా అడగండి.

ఫ్లాటులో ఇద్దరూ చెరి సగం పెట్టారు, కాబట్టి లాభమూ చెరి సగమే, రిటర్నులూ రెండు. రిటర్ను ఫారాల్లో ఐటీఆర్-1 కుదరదు, ఐటీఆర్-2 వెయ్యాలి. మీ పేరున జమైన పన్ను వివరాలు చూపే 26ఏఎస్ పత్రం తెరిచి చూడండి, కొన్నాయన మీకివ్వాల్సిన డబ్బులోంచి ముందే పన్నుగా పట్టుకున్న ఒక శాతం (టీడీఎస్) ఒక్కొక్కరి పాన్ కింద 46 వేలు కనిపించాలి. అంటే మీరు చెప్పకముందే డిపార్ట్‌మెంటుకు తెలుసు. చూపించకపోతే నోటీసు వస్తుంది, అప్పుడు మినహాయింపు కోసం వాళ్ళ చుట్టూ తిరగాలి.

అప్పటి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ రసీదులు నా బీరువాలోనే ఉన్నాయి. అవి కొన్న ధరకు కలుస్తాయి, లాభం ఇంకాస్త తగ్గుతుంది. జిరాక్సులు కొరియర్‌లో పంపుతున్నాను. బ్రోకరుకు ఇచ్చిన కమీషన్ రసీదు నువ్వు వెతికి ఉంచు.

నాన్న