మా బాబు చేతితో పాటు తన చెయ్యీ వేడినీళ్లలో పెట్టిన అవ్వకు

రాత్రి రెండున్నరకు ఇల్లు చేరాం. బాబు ఇంకా నిద్రలోనే ఉన్నాడు. నిన్న సముద్రం ఒడ్డున జెల్ల (మీసాల చేప) ముల్లు దిగిన కుడి అరచేతికి కట్టు ఉంది, వాపు సగానికి తగ్గింది, జ్వరం లేదు. పొద్దుటి నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి, అందరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. కానీ ఆ అవ్వ గురించి ఈరోజే రాయాలి, రేపటికి మళ్లీ పనుల్లో పడిపోతాను.

మేం ఉండేది తిరుచానూరు పక్కన. స్వర్ణముఖి వంతెన దాటినప్పుడల్లా మా వాడు "ఈ ఏరు యాడికి పోతాదమ్మా" అని అడుగుతాడు. ఏట్లో నీళ్లు కనిపించేదే తక్కువ, ఇసుకే ఎక్కువ, అయినా అడుగుతాడు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మన తిరుపతి జిల్లాకూ సముద్రం వచ్చింది కదా, ఎండాకాలం సెలవుల్లో ఒకసారి వాకాడు వైపు తీసుకుపోయి మన ఏరు వెళ్లే వైపు చూపిద్దాం, ఒడ్డు మీద నిలబడి గాలాలు కూడా వేద్దాం అనుకున్నాం. నేను చిన్నప్పుడు మా నాయన పక్కన చెరువు కట్ట మీద కూర్చుని గాలం వేసినదాన్ని, ఆ సరదా నా పిల్లలకు కూడా తెలియాలని ఎప్పటి నుంచో ఉంది.

నిన్న ఆదివారం తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాం. మా ఇద్దరూ, మా చెల్లెలి పిల్లలిద్దరూ, మొత్తం నలుగురు పిల్లలు. శ్రీకాళహస్తి, నాయుడుపేట, వాకాడు దాటుకుని 100 కిలోమీటర్లకు పైనే. మేం పోయిన జాలర్ల పాలెం పేరు రాయడం లేదు, జనం పోయి అవ్వను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. ఎరకు పచ్చిరొయ్యలు ముందురోజే కొని ఐసు డబ్బాలో పెట్టుకున్నాం. పిల్లలకు అన్నీ చెప్పాను. రాడ్ విసిరేవాళ్ల వెనకాల నిలబడకూడదు, మోకాళ్లు దాటి నీళ్లలోకి దిగకూడదు, చెప్పులు విప్పకూడదు, వాడని గాలం డబ్బాలోనే ఉండాలి. పడిన చేపను నేను వచ్చేదాకా ముట్టుకోవద్దని మాత్రం చెప్పలేదు. చెరువు చేపలతో పెరిగినదాన్ని, సముద్రపు జెల్ల సంగతి నాకు తెలీదు. నిన్నటి నుంచి అదొక్కటే మనసులో తిరుగుతోంది.

పోటు ఎక్కుతున్న వేళ బాగానే పడ్డాయి. చిన్న చిన్న పరిగెలు, మా పాప వాటిని బకెట్‌లో పెట్టుకుని కబుర్లు చెప్పి మళ్లీ వదిలేసింది. ఎనిమిది అవుతుండగా మా వాడి గాలానికి జానెడు జెల్ల పడింది. సంతోషంతో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఈ చేపకు వీపు మీద ఒక ముల్లు, తల వెనక చెరో పక్కన ఒక్కోటి ఉంటాయి, రంపంలాగా పళ్లు, పైన ఉండే పొరలో విషం. బొటనవేలి కింద కండలోకి దిగిపోయింది. వాడు పుట్టిన ఈ తొమ్మిదేళ్లలో అలాంటి కేక నేను వినలేదు. చూస్తుండగానే చెయ్యి మణికట్టు దాకా వాచింది, ముల్లు దిగిన చోట నీలంగా అయింది. కర్చీఫ్‌తో గట్టిగా కట్టండి అని ఒకరు, సున్నం పెట్టండి అని ఒకరు. మా ఆయన కారు తాళం కోసం ఇసుకలో వెతుకుతున్నాడు, ఫోన్‌లో సిగ్నల్ లేదు, మిగతా ముగ్గురు పిల్లలు ఏడుస్తున్నారు.

అప్పుడు వచ్చింది అవ్వ. ఎండుచేపలు తిరగేస్తున్న దగ్గరి నుంచి అట్లనే లేచి వచ్చింది, తలకు గుడ్డ, చేతులనిండా ఉప్పు. "కట్టబాకండి, ముందు ఆ గుడ్డ ఇప్పండి, ఏం గాదు, జెల్ల ముల్లే" అంది. నా వైపు కూడా చూడలేదు. బాబును చంకనేసుకుని తన గుడిసె ముందుకు తీసుకుపోయింది. మూడు రాళ్ల పొయ్యి, సర్వి పుల్లలు, సత్తు గిన్నెలో నీళ్లు. కాగిన నీళ్లలో ముందు తన చెయ్యి ముంచింది, చటుక్కున తీసేసింది, చెంబెడు చన్నీళ్లు కలిపింది, మళ్లీ ముంచింది. అప్పుడు వాడి చెయ్యి పట్టుకుని, తన చేతిలోనే పెట్టుకుని, రెండూ కలిపి నీళ్లలోకి దించింది. "నా చెయ్యి ఓర్చుకుంటే నీ చెయ్యీ ఓర్చుకుంటాది రాజా, తియ్యబాక" అంది.

గంటకు పైనే అలా కూర్చుంది. నీళ్లు చల్లారినప్పుడల్లా నాచేత వేడినీళ్లు పోయించింది, పోసిన ప్రతిసారీ తన చెయ్యే ముందు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఆ చెయ్యి దగ్గరగా చూశాను. ఉప్పు పట్టించీ పట్టించీ వేళ్ల సందులన్నీ పగిలిపోయి ఉన్నాయి, రెండు మూడు పగుళ్లు ఎర్రగా, ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఆ పుండ్లతో అంత వేడి నీళ్లలో చెయ్యి పెడితే ఎలా మండుతుందో వంట చేసే ఎవరికైనా తెలుసు. ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు. వాడితో పడవలు లెక్కబెట్టిస్తోంది. ఇది వేట నిషేధం కాలం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను పడవలు సముద్రంలోకి పోకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. అందుకని పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వాడు ఏడుస్తూనే లెక్కబెట్టాడు, తప్పిపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పించింది. "ఆ నీలం పడవ మాదే, మా కొడుకుది" అని చూపించింది. మూడోసారి లెక్కబెట్టేసరికి వాడి ఏడుపు ఆగిపోయింది. నా ఏడుపు అప్పుడు మొదలైంది. ఆ ఇసుకలోనే కూలబడిపోయాను.

బయల్దేరేటప్పుడు మా ఆయన చేతిలో ఉన్న డబ్బంతా ఇవ్వబోయాడు. అవ్వ ముట్టుకోలేదు. నెలన్నా కాలేదో అయిందో పడవ కదలక, ఆ ఇంట్లో ఎండుచేపలు తప్ప ఆదాయం లేదు, అయినా ముట్టుకోలేదు. "తిరపతోళ్లంటున్నారు గదా, మళ్లీ వస్తే ఒక లడ్డు తెచ్చిపెట్టండి, చాలు" అంది. మా ఫ్లాస్కులో వేడినీళ్లు నింపిచ్చి, దారిలో నొప్పి తిరగబెడితే మళ్లీ చెయ్యి పెట్టించమంది. ముల్లు ముక్క లోపల ఇరిగి ఉండచ్చు, తప్పకుండా ఫోటో తీయించండి అని కారు దాకా వచ్చి మరీ చెప్పింది. నేను ఆమె పేరు అడగలేదు. అడగాలని తోచనే లేదు.

రాత్రి తిరుపతిలో చూసిన డాక్టరు గారు చెప్పారు, ఈ విషం ప్రోటీన్ లాంటిదట, వేడికి విరిగిపోతుందట. తట్టుకోగలిగినంత వేడి, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర. నొప్పి ఉన్న చేతికి వేడి సరిగ్గా తెలీదు, చర్మం కాలిపోవచ్చు, అందుకని నొప్పి లేని చేతితో చూసుకోవాలి. అవ్వ చేసింది అక్షరాలా అదే. ఎక్స్‌రేలో నిజంగానే ముల్లు ముక్క కనిపించింది, తీసేశారు, టీటీ ఇంజెక్షన్ వేశారు.

ఇది మాత్రం రాయకుండా ఉండలేను. ముల్లు దిగింది పొద్దున ఎనిమిదింటికి, ఆ ముక్క బయటికి వచ్చింది రాత్రి పదింటికి. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పోతే ఆదివారమని తాళం. తర్వాతి టౌన్‌లో ఇంకోచోట చీటీ రాయించుకుని రెండు గంటలకు పైగా కూర్చోబెట్టి, చివరికి పిల్లల డాక్టరు లేరు, తిరుపతికే తీసుకుపొమ్మన్నారు. ఆ మాట మొదట్లోనే చెప్పి ఉంటే ఏం పోయేది? ఒడ్డు మీద రమ్మని పిలిచే పెద్ద బోర్డు ఉంది. ఏ చేప ముల్లు విషమో, ఎక్కడ నీళ్లు లోపలికి లాగుతాయో, ఏదైనా జరిగితే ఎవరి దగ్గరికి పోవాలో చెప్పే బోర్డు ఒక్కటీ లేదు. వేసవిలో ఇన్ని కుటుంబాలు పిల్లల్ని తీసుకుని వస్తున్నాయి, ఎవరికీ పట్టదా? అవ్వ ఆ పూట నిద్రపోతూ ఉండి ఉంటే మా బాబు పన్నెండు గంటలకు పైగా ఆ నొప్పితోనే ఉండేవాడు.

మా ఆయన తిండి కూడా తినకుండా డ్రైవింగ్ చేశాడు, మా చెల్లెలు ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చి పిల్లల్ని తీసుకుపోయింది, అత్తమ్మ అర్ధరాత్రి దాకా మేలుకుని చారు అన్నం పెట్టింది. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

పిల్లలతో ఒడ్డుకు గాలం వేయడానికి పోయేవాళ్లు ఒక పాత కటింగ్ ప్లేయరు, మందపాటి తువ్వాలు, ఫ్లాస్కు నిండా వేడినీళ్లు తప్పకుండా పెట్టుకోండి. మీసాల చేప పడితే చేత్తో ముట్టుకోవద్దు, తీగ తెంచేయండి.

వచ్చే ఆదివారం లడ్లు తీసుకుని అవ్వ దగ్గరికి పోతున్నాం. చేతి పగుళ్లకు మందు కూడా అడిగి తీసుకుంటా. ఈసారి పేరు అడుగుతా.

అయ్యో, ఆటో అతన్ని మర్చిపోయాను. తాళం వేసిన ఆసుపత్రి ముందు మమ్మల్ని చూసి, తన బేరం వదులుకుని మెయిన్ రోడ్డు దాకా ముందు నడిచి దారి చూపించాడు. అన్నా, నీకు చాలా థాంక్స్. ఎక్స్‌రే గదిలో బాబును నవ్వించిన సిస్టర్‌కు కూడా. ఇంకా ఒడ్డు మీద ఒక పన్నెండేళ్ల పిల్లోడు, మేం వదిలేసి వచ్చిన రాడ్లన్నీ ఏరి, గాలాలు ఎవరికీ గుచ్చుకోకుండా థర్మాకోల్ ముక్కకు గుచ్చి తెచ్చి డిక్కీలో పెట్టాడు. ఇందాక డిక్కీ తెరిస్తే తెలిసింది. వాడికీ లడ్డు తీసుకుపోవాలి.

బాబు లేచాడు. నీలం పడవ జూన్ 15న పోతుందా అమ్మా అని అడుగుతున్నాడు. ఉంటా.