ఖాళీ బార్‌తో మొదలుపెట్టనిచ్చే జిమ్

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు.

మళ్లీ బరువులు ఎత్తడం మొదలుపెడతానన్నావు. ఆ మెసేజ్ చదివినప్పటి నుంచీ మనసు చాలా సంతోషంగా ఉంది. నువ్వు పంపిన మూడు జిమ్‌ల ఫొటోలూ నిదానంగా చూశాను. ఫోన్‌లో మాట్లాడుకుంటే సగం మర్చిపోతాం, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీ మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం నాకు టెన్షన్ పెట్టింది. "ఎలాగూ మళ్లీ డెబ్భై కిలోల స్క్వాట్‌కి వస్తాను కాబట్టి, ఇప్పుడే బాగా బరువులున్న జిమ్ చూసుకుంటే తర్వాత మారే పని ఉండదు" అన్నావు. డెబ్భై కిలోలు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే రోజు మళ్లీ వస్తుంది, అందులో నాకు అనుమానమే లేదు. కానీ రెండేళ్లు ఆపేసిన మనిషికి మొదటి మూడు నాలుగు నెలలు అక్కరకొచ్చేవి చిన్న బరువులు. జిమ్‌లో ఎంత పెద్ద బరువుందో అందరూ చూస్తారు. ఎంత చిన్న బరువుందో నువ్వు చూడు.

లెక్కేసి చెబుతాను. మామూలుగా జిమ్‌లలో దొరికే అతి చిన్న ప్లేటు (బరువు బిళ్ల) 1.25 కిలోలు. చేత్తో పట్టుకునే పొడవాటి ఇనప కడ్డీ, అదే బార్‌కి రెండు వైపులా వెయ్యాలి కాబట్టి ఒకసారికి కనీసం 2.5 కిలోలు పెరుగుతుంది. 60 కిలోల స్క్వాట్ మీద అది నాలుగు శాతం, ఒళ్లు సర్దుకుంటుంది. అదే తలపైకి ఎత్తే ఓవర్‌హెడ్ ప్రెస్‌లో నువ్వు 20 కిలోల దగ్గర ఉన్నావనుకో, ఆ 2.5 కిలోలే పన్నెండున్నర శాతం అవుతుంది. డంబెల్స్‌తో ఇంకా కష్టం. 5 కిలోల తర్వాత నేరుగా 7.5 పెట్టిన జిమ్‌లు చాలా ఉన్నాయి. అంటే ఒక్క మెట్టుకి యాభై శాతం. ఒకసారి నొప్పి చేసిన భుజంతో అలాంటి మెట్టు ఎక్కకూడదు. అందుకే అర కిలో ప్లేట్లు ఉన్నాయా, డంబెల్స్ ఒక్కో కిలో తేడాతో ఉన్నాయా అని చూడు. మిగతావన్నీ బాగుండి అవొక్కటే లేకపోతే, అర కిలో ప్లేట్లు ఒక జత నువ్వే కొనుక్కుని బ్యాగులో పెట్టుకోవచ్చు. తెచ్చుకుంటే అభ్యంతరం లేదు కదా అని ముందే అడుగు.

బార్ సంగతీ అంతే. మగవాళ్ల పోటీ బార్ 20 కిలోలు, ఆడవాళ్లది 15. బరువే కాదు, మందం కూడా తేడా: అది 28 మిల్లీమీటర్లు, ఇది 25. నీలాంటి చిన్న చేతులకి ఆ మూడు మిల్లీమీటర్లతో పట్టు ఎంత మారుతుందో ఒక్కసారి పట్టుకుంటే తెలుస్తుంది. యాభై దాటాక ఎముకల కోసం డాక్టరు చెబితే నేను మొదలుపెట్టాను కదా, 15 కిలోల బార్ లేకపోతే నేను కొనసాగేదాన్నే కాదు. కాబట్టి "15 కిలోల బార్ ఉందా?" అని అడుగు. అడిగిన వెంటనే తీసి చూపించారంటే ఆ జిమ్‌లో కొత్తవాళ్లనీ, తిరిగి వచ్చినవాళ్లనీ దృష్టిలో పెట్టుకున్నారనుకోవచ్చు.

నేల మీది బార్‌ని పట్టుకుని లేచి నిలబడే డెడ్‌లిఫ్ట్ విషయంలో ఇంకోటి చూసుకోవాలి, ఇది చాలామందికి తట్టదు. పూర్తి సైజు ప్లేటు అడ్డుకొలత 450 మిల్లీమీటర్లు. దాంతో బార్ నేల నుంచి 225 మిల్లీమీటర్ల ఎత్తులో, మోకాలి కింద పిక్క మధ్యకు వస్తుంది. ఇనప ప్లేట్లయితే బరువు తగ్గేకొద్దీ చిన్నవైపోతాయి. 5 కిలోల ఇనప ప్లేట్లు వేస్తే బార్ దాదాపు పాదాల మీదికి దిగిపోతుంది, వంగి తియ్యాల్సి వస్తుంది, నడుం గుండ్రంగా అవుతుంది. తక్కువ బరువుతో మొదలుపెట్టేవాళ్లకే ఈ ఇబ్బంది, చూడు. 5, 10 కిలోల్లో కూడా పూర్తి సైజులో ఉండే రబ్బరు ప్లేట్లు (బంపర్ ప్లేట్లంటారు) ఉంటే సమస్యే లేదు. లేకపోతే కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు సరిచేసుకోవచ్చు. అసలు డెడ్‌లిఫ్టే చెయ్యనివ్వని జిమ్‌లూ ఉన్నాయి, శబ్దం వస్తుందని. అది చేరకముందే కనుక్కో.

ఇక నీ మొదటి ఫొటో. అద్దాలూ, దీపాలూ, వరసగా ట్రెడ్‌మిల్లులూ బాగున్నాయి. కానీ ఎన్నిసార్లు వెతికినా నాకు విడి ర్యాక్ (బార్ ఆనించే స్తంభాల చట్రం) ఒక్కటి కనబడలేదు, స్మిత్ మెషీన్ మాత్రమే కనబడింది. అందులో బార్ పట్టాల మీద నిలువుగా కదులుతుంది కాబట్టి బ్యాలెన్స్ పని చాలావరకు మెషీనే చేస్తుంది. పైగా ఒక్కో మెషీన్‌లో బార్ బరువు ఒక్కోలా ఉంటుంది, కొన్నిట్లో లోపల ఎదురు బరువు కట్టి తేలిక చేస్తారు. నీ పాత అంకెలతో పోల్చుకోవడానికి కుదరదు. భుజం కోసం ఒకటి రెండు వ్యాయామాలకి అది పనికొస్తుంది గానీ, నీ ట్రైనింగ్ మొత్తం దాని మీద నడవదు. మొదటిది వదిలెయ్యమనే నా మాట.

నీకు కావాల్సింది నాలుగు స్తంభాల ర్యాక్, దానికి సేఫ్టీ పిన్నులు, అంటే బార్ చేజారితే మీద పడకుండా ఆపే అడ్డ కడ్డీలు. పిన్నులు నిజంగా ఉన్నాయో లేదో చేత్తో తీసి పెట్టి చూడు. ఎక్కడో పారేసుకుని ఖాళీ ర్యాక్ నిలబెట్టిన చోట్లు కూడా ఉంటాయి. స్క్వాట్‌కి నువ్వు పూర్తిగా కిందికి దిగినప్పుడు బార్ ఎక్కడుంటుందో దానికి కొంచెం కింద పిన్ను పడాలి. బల్ల మీద పడుకుని ఛాతీ మీంచి బరువు పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌కి ఛాతీ ఎత్తుకి కాస్త కిందుగా, మెడకంటే పైన ఉండాలి. రంధ్రాలు మరీ దూరదూరంగా ఉంటే నీ ఎత్తుకి సరిగ్గా అమరదు. ఇవి సరిగ్గా ఉంటే ఎవరి సాయం లేకుండా ఒంటరిగా బరువెత్తినా నాకు భయం లేదు. పిన్నులు లేకుండా, పక్కన పట్టుకునే మనిషి లేకుండా నువ్వు బెంచ్ ప్రెస్ చెయ్యకూడదు తల్లీ, ఎంత తేలిక బరువైనా సరే. ఈ ఒక్క విషయంలో నాకు మాటివ్వు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, ట్రైనర్.

ఆపేసి వచ్చిన ఒంట్లో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు కావాలి. నీ కండరాలకి పాత జ్ఞాపకం ఉంటుంది. కండరం పెరిగినప్పుడు దాని కణాల్లో కేంద్రకాలు కొత్తగా చేరతాయి. తర్వాత కండరం సన్నబడినా ఆ కేంద్రకాలు పోకుండా నిలిచి ఉంటాయని 2010లో నార్వే పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. మనుషుల్లో కూడా రెండోసారి బలం రావడం మొదటిసారికంటే తొందరగానే జరుగుతుంది. అయితే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండాన్లు అంత వేగంగా బలపడవు. కొద్ది వారాల్లోనే "నాకు పాత బలం వచ్చేసింది" అనిపిస్తుంది, టెండాన్లేమో ఇంకా వెనకే ఉంటాయి. దెబ్బలు తగిలేది ఆ మధ్యకాలంలోనే. నిన్ను ఆపాల్సిన రోజు ఆపగలిగిన ట్రైనరే మంచి ట్రైనర్.

అందుకే వాళ్లని ఒక్క ప్రశ్న అడుగు: "రెండేళ్ల గ్యాప్ తర్వాత వచ్చాను, మొదటి వారం ఏం చేయిస్తారు?" భుజం గురించి, నిద్ర గురించి, అంతకుముందు ఎంత ఎత్తేదానివో అడిగి, ఖాళీ బార్‌తో ఒకసారి చేసి చూపించమంటే సంతోషం. ఏమీ అడక్కుండా బరువు తగ్గడం గురించి మొదలుపెడితే నీ మాట వినలేదని అర్థం. మొదటి రోజే ఒళ్లు హూనం చేసి "చూశారా, ఎలా చేయించామో" అనేవాళ్ల దగ్గర అసలు ఉండొద్దు. అలవాటు తప్పిన కండరాల మీద ఒక్కసారిగా భారం పడితే అవి దెబ్బతిని, వాటి లోపలి పదార్థం రక్తంలోకి చేరి కిడ్నీలను పాడుచేసే ప్రమాదం ఉంది. దాన్ని రాబ్డోమయోలైసిస్ అంటారు. మామూలు ఒళ్లునొప్పులు ఒకటి రెండు రోజుల్లో ఎక్కువై తర్వాత తగ్గిపోతాయి, వాటికి భయపడక్కర్లేదు. కానీ నొప్పి భరించలేనంతగా ఉండి, కండరం వాచి, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే మర్నాటిదాకా ఆగకు, వెంటనే ఆస్పత్రికి వెళ్లు.

ఇంజెక్షన్లూ, పేరులేని డబ్బాల్లో పొడులూ తొందరగా ఫలితాలొస్తాయని ఎవరైనా ఇవ్వజూపితే, మొహమాటపడకుండా ఆ క్షణమే బయటికి వచ్చెయ్.

అన్నట్టు, ఈ బరువులు పెంచుకుంటూ పోయే పద్ధతికి పేరొచ్చింది గాయపడి లేచినవాళ్ల వల్లే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో థామస్ డెలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు గాయపడిన సైనికులకి తేలిక కసరత్తులు సరిపోవడం లేదని బరువులతో వ్యాయామం చేయించాడు. 1945లో దాని గురించి రాశాడు. 1948లో వాట్కిన్స్ అనే మరో వైద్యుడితో కలిసి దాన్ని ఇంకా సులువు చేశాడు: పదిసార్లు ఎత్తగలిగిన బరువు ఎంతో చూసుకుని, మొదటి సెట్ అందులో సగంతో, రెండోది ముప్పావు వంతుతో, మూడోది పూర్తి బరువుతో. ఒక్కో సెట్‌లో ఆపకుండా పదిసార్లు ఎత్తాలి. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. తిరిగి మొదలుపెట్టడాన్ని తక్కువగా చూడాల్సిన పనే లేదు, ఈ విద్యలో సగం అక్కడి నుంచే వచ్చింది. నువ్వు కూడా ఆ దారిలోనే వెళ్లు. మొదటి రెండు వారాలు పాత బరువుల్లో సగం దాటకు. రెండేసి సెట్లు చాలు. ఇంకో మూడు రెప్స్ (మూడుసార్లు ఎత్తడం) చెయ్యగలను అనిపించినప్పుడే ఆపెయ్. వారానికి రెండు రోజులతో మొదలుపెట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకి కండరాల వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులనే ఉంది. ఆరంభశూరత్వంతో ఆరు రోజులు పెట్టుకుంటే నెల తిరక్కుండా మానేస్తావు, నీ సంగతి నాకు తెలుసు.

జిమ్ చూడ్డానికి వెళ్లేటప్పుడు నువ్వు రోజూ వెళ్లబోయే సమయానికే వెళ్లు. మధ్యాహ్నం వెళితే ఏ జిమ్మైనా ప్రశాంతంగానే ఉంటుంది. సాయంత్రం ఆఫీసు వదిలాక ర్యాక్ దగ్గర ఎంతమంది నిలబడ్డారో చూడు. బరువైన సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలు విశ్రాంతి కావాలి, వెనక క్యూ ఉంటే ఆ తొందరలో విశ్రాంతి తగ్గించేస్తావు. అక్కడ తేలిక బరువులెత్తే ఆడవాళ్లూ, పెద్దవాళ్లూ ఉన్నారా, వాళ్లని ఎవరైనా తేరిపార చూస్తున్నారా, సలహాల పేరుతో మీద పడుతున్నారా గమనించు. ఖాళీ బార్ పట్టుకున్నవాళ్లకి కూడా పదిమందిలో నిశ్చింతగా పని చేసుకునే వీలుండాలి. సిగ్గుతో బరువు పెంచేసేవాళ్లే ఎక్కువ దెబ్బలు తగిలించుకుంటారని నాకనిపిస్తుంది.

రెండో జిమ్‌లో సామాను చూస్తే ముచ్చటేసింది. ర్యాకులు బాగున్నాయి, బంపర్ ప్లేట్లున్నాయి. కానీ నీకు ముప్పావు గంట దూరం. రానూపోనూ గంటన్నర. అలసిపోయిన రోజున, వాన పడిన రోజున అంత దూరం వెళతావా? మూడోది ఆఫీసు నుంచి వచ్చే దారిలోనే ఉందన్నావు. అక్కడ ఒక్క ర్యాకే ఉన్నా, పిన్నులు సరిగ్గా ఉండి, 15 కిలోల బార్ ఉండి, ట్రైనర్ వినే మనిషైతే నా ఓటు దానికే. ఏడాది తర్వాత బరువులు చాలకపోతే అప్పుడు మారొచ్చు. ఇప్పుడు కావాల్సింది మానకుండా వెళ్లగలిగేది.

మూడో దాంట్లో ముందు ఒక రోజు ట్రయల్ అడుగు, తర్వాత ఒక్క నెలకే కట్టు. ఏడాదికి తీసుకుంటే తగ్గిస్తాం, ఈ రోజే ఆఖరు అని తొందరపెడతారు, తలూపకు. అనారోగ్యం చేస్తే, ఊరు వెళితే మెంబర్‌షిప్ ఆపుకోవచ్చా, మానెయ్యాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, గడువు అయ్యాక దానంతటదే మళ్లీ డబ్బు కోసుకుంటారా, ఇవన్నీ నోటిమాటగా కాకుండా కాగితం మీద చూసుకో. భుజం పూర్తిగా నయమైందని డాక్టరు చెప్పాకే తలపైకి ఎత్తే వ్యాయామాలు. అప్పటిదాకా కాళ్లకీ, వీపుకీ చెయ్యాల్సినవి కావాల్సినన్ని ఉన్నాయి.

సంతకం పెట్టకముందు ఆ ఫారం ఫొటో తీసి నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.

ప్రేమతో,
అమ్మ